హాజరు పట్టీ

సైదాపేటలో ఎలక్ట్రిక్ ట్రైను దిగి నడిచొచ్చే దారే.
ఈసారి మోకాళ్ళ మాట విని ఆటో ఎక్కాం.
మీటరు వెయ్యనన్నవాడితో
నలభై అయిదేళ్ళ నాటి
వచ్చీరాని అరవంలోనే పోట్లాడాం.

గది అదే. నల్లబల్ల తెల్లబల్ల అయింది.
ఫ్యాన్లు మాత్రం అప్పటిలాగే
గాలి కంటే చప్పుడే ఎక్కువ పంచుతున్నాయి.

బ్యాచి సెక్రటరీని నేను.
అంటే ఉత్తరాలు వేసేవాణ్ణి.
‘విలాసదారు లేరు’ అని తిరిగొచ్చినవి
పారెయ్యలేక బీరువాలో దాచేవాణ్ణి.
అరవై ఇద్దరి సివిల్ బ్యాచిలో
ఇప్పటికి పదమూడు కవర్లు.

ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నారెవరో.
కిందటిసారి పాటించాం.
సగం నిమిషానికే చక్రపాణి జేబులో గుడిగంటలు మోగాయి,
వాడు ఆపబోయి ఫోటో తీశాడు.
ఈసారి వద్దు, హాజరు వేద్దాం అన్నాను.

‘పదిహేడు, ఇస్మాయిల్ షరీఫ్.’
పెన్సిలు చెక్కితే పొట్టు తెగకుండా
ఉంగరాలు తిరుగుతూ బల్ల మీద పడేది.
ఎలా పోయాడో తెలీదు, ఏ ఊళ్ళోనో తెలీదు.
అయిదేళ్ళు పక్కన కూర్చున్న మనిషి గురించి
నాకు మిగిలింది ఆ పొట్టే.
సిగ్గుగా ఉంది.

‘ఇరవై ఒకటి, జయసీలి.’
ఏలగిరి సర్వే క్యాంపులో
కుచ్చిళ్ళు దోపుకుని థియోడలైట్ మోసింది.
మేం నీడలో కూర్చుని రీడింగులు కల్పిస్తుంటే
‘మళ్ళీ మొదట్నించీ’ అనేది.
తిట్టేది కాదు. అంతే అనేది.
తర్వాత ముప్పయ్యేళ్ళు కార్పొరేషన్లో మురుగు కాలవల ఇంజనీరు.
ఈ ఊళ్ళో ఏ సందులోనైనా
వాన నీళ్ళు గంటలో లాగేస్తే
సాక్ష్యం లేకపోయినా
ఆమెకే దండం పెడతాను.

‘ఇరవై ఆరు, కోదండపాణి.’
వీడి గురించి మంచి చెప్పడం కష్టం.
నా డ్రాయింగు బోర్డు తాకట్టు పెట్టి సినిమాకెళ్ళాడు.
ఇరవై రెండు రూపాయలిచ్చి నేనే విడిపించుకున్నా.
పెళ్ళికి పిలవలేదు, నా పెళ్ళికి రాలేదు.
పోయాడని తెలిసిన రాత్రి
ఆ డబ్బు ఇక అడగలేను కదా అని
మా ఆవిడ లేచి కూర్చునేంతగా ఏడ్చాను.

‘నలభై, పెంచలయ్య.’

వెనక బెంచీలోంచి
‘ప్రెజెంట్ సార్!’

నెల్లూరు యాస, చివర కాస్త దగ్గు.
అచ్చం పెంచలయ్యే.
ఎవరం వెనక్కి తిరగలేదు.
పలికింది మునిరత్నం అని అందరికీ తెలుసు,
రోజుకి రెండు వడల లెక్కన
అయిదేళ్ళు వాడికి ప్రాక్సీ చెప్పినవాడు.
లేచి పలికాడు,
కూర్చోవడం మర్చిపోయి నిలబడే ఉన్నాడు.

రూలు ప్రకారం గైరుహాజరు.
పెన్ను కాసేపు గాల్లో ఆగింది.
టిక్కు పెట్టాను.

మిగతా పేర్లకి ఎవరూ పలకలేదు.
అందరికీ ప్రాక్సీలుండరు.
ఫ్యాన్ల చప్పుడు విని
తర్వాతి పేరుకి వెళ్ళాను.

‘యాభై ఎనిమిది’ దగ్గర నోరు ఆగింది.
ఆ నంబరు నాదే.

మూడో ఏడు, నాన్న మంచం పట్టినప్పుడు
నేను గూడూరు పాసింజర్లోనే బతికాను.
నలభై ఒక్క రోజులు
ఈ గదిలో నా పేరుకి పలికినవాడు కోదండపాణి.
వడలు అడగలేదు. చేశానని చెప్పుకోలేదు.
పరీక్ష ఫీజు కట్టే రోజు
గుమాస్తా పట్టీ చూపిస్తే తెలిసింది.
నా డిగ్రీలో నలభై ఒక్క రోజులు వాడివి.
ఇరవై రెండు రూపాయల దగ్గర
ఇన్నేళ్ళు ఆ మాటే మరిచాను.

‘యాభై ఎనిమిది, వేదగిరి.’
నేనే చదివి, నేనే పలికాను.
ముందు వరుసవాళ్ళు తలెత్తి చూశారు.
గొంతు అతకలేదు.
నాలా పలకడం
వాడికే బాగా వచ్చు.